పాత కార్వెట్‌లో టైరు ప్రెషర్ లైటు వెలిగితే, సెన్సర్లు కొనే ముందు చూడాల్సినవి

టైరు ప్రెషర్ లైటు వెలగగానే చాలామంది ఆన్‌లైన్‌లో కొత్త సెన్సర్లు ఆర్డర్ పెట్టేస్తారు. పాత స్పోర్ట్స్ కార్ల విషయంలో ఇలా చేస్తే డబ్బు దండగ అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ ఒక్క పసుపు లైటు వెనక ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సమస్యలు ఉండొచ్చు. టైరులో నిజంగానే గాలి తగ్గి ఉండొచ్చు. గాలి సరిగ్గానే ఉండి, లోపలి సెన్సర్ చచ్చిపోయి ఉండొచ్చు. లేదా సెన్సర్ బతికే ఉండి సిగ్నల్ పంపుతూనే ఉన్నా, కారుకి అది అందకపోవచ్చు, అందినా అది తన సెన్సర్ కాదనుకుని కారు దాన్ని పట్టించుకోకపోవచ్చు. మూడింటికీ రిపేరు వేరు, ఖర్చు వేరు. మొదటిదానికి గాలి కొట్టిస్తే సరిపోతుంది. రెండోదానికి టైరు విప్పాలి. మూడోదానికి చాలాసార్లు టైరు ముట్టుకోనక్కర్లేదు.

నేను షెవ్రొలే కార్వెట్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1997 నుంచి 2004 వరకు వచ్చిన ఐదో తరం, అంటే సీ5, 2005 నుంచి 2013 వరకు వచ్చిన ఆరో తరం, అంటే సీ6. నా దగ్గరున్నది 2008 సీ6. అమెరికాలో ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న కారు కొనుక్కోవాలనుకునే మనవాళ్ళు డాలస్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు, సెకండ్ హ్యాండ్‌లో వాళ్ళ బడ్జెట్‌కి అందే అసలైన స్పోర్ట్స్ కారు ఇదే. కానీ ఇప్పుడు ఇవన్నీ పన్నెండేళ్ళు దాటిన కార్లు, సీ5లైతే ఇరవై దాటేశాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెన్సర్లే ఇంకా ఉన్నాయంటే అవి చివరి రోజుల్లో ఉన్నట్టే.

ఈ లైటు మీద నల్ల టేపు అంటించి తిరగమనే సలహా కూడా వినిపిస్తుంది. మామూలు సెడాన్‌లోనే అది మంచి సలహా కాదు, కార్వెట్‌లో అయితే ప్రమాదం. ఈ కారులో స్టెప్నీ లేదు, జాకీ లేదు. వాటి బదులు దాదాపు అన్ని మోడళ్ళలో రన్-ఫ్లాట్ టైర్లు ఇచ్చారు. వాటి పక్క గోడలు ఎంత గట్టిగా ఉంటాయంటే గాలి పూర్తిగా పోయినా కారు బరువుని మోస్తాయి, సాధారణంగా గంటకి 80 కిలోమీటర్ల వేగం దాటకుండా ఓ 80 కిలోమీటర్ల దూరం వెళ్ళనిస్తాయి. ఆ గట్టితనం వల్లే ఇంకో చిక్కు వచ్చింది. గాలి దిగిపోయిన రన్-ఫ్లాట్ టైరు కంటికి మామూలుగానే కనిపిస్తుంది. కాలితో తన్ని చూసినా తెలియదు. ఆ సంగతి మీకు చెప్పేది సెన్సర్ ఒక్కటే. అది మూగబోయిన కారులో, గాలి లేని టైరు మీద, హైవేలో 75 మైళ్ళ వేగంతో వెళ్తూ కూడా మీకు ఏమీ తెలియకపోవచ్చు.

అందుకే ఈ కారులో టైరు ప్రెషర్ సిస్టమ్ చట్టం కోసం వచ్చింది కాదు. ప్యాసింజర్ కార్లలో దీన్ని మొదట పెట్టింది 1986లో పోర్షె 959లో. కార్వెట్ సీ5 1997లోనే రన్-ఫ్లాట్ టైర్లతో పాటు దీన్ని మామూలు ఫీచర్‌గా ఇచ్చింది. చట్టం తర్వాత వచ్చింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ల మీద ఫైర్‌స్టోన్ టైర్లు విచ్చిపోయి జనం చనిపోవడం, 2000 ఆగస్టులో లక్షల కొద్దీ టైర్లు వెనక్కి పిలవడం, ఆ ఏడాది నవంబరులోనే ట్రెడ్ అనే అమెరికా వాహన భద్రత చట్టం మీద సంతకం కావడం, ఆ చట్టం ప్రకారం తయారైన రూలు 2005 అక్టోబరు నుంచి విడతలవారీగా అమలై 2007 సెప్టెంబరు నాటికి అన్ని కొత్త కార్లకీ వర్తించడం, ఇదీ వరస.

ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానంటే మీ కారు లైటు ఏ భాషలో మాట్లాడుతుందో వాటిని బట్టే ఉంటుంది. ఆ రూలు వర్తించే కార్లలో లైటు నిలకడగా వెలిగితే గాలి తక్కువ ఉందని అర్థం, అంటే కారు డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసిన ప్రెషర్‌కి 25 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గిందని. అదే స్టార్ట్ చేయగానే ఒక నిమిషం నుంచి నిమిషంన్నర దాకా మిణుకు మిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలిగితే, గాలి సంగతి తనకు తెలియదని, సిస్టమే పాడైందని కారు చెబుతున్నట్టు. చాలామంది ఇగ్నిషన్ వేసిన ఆ మొదటి నిమిషం సీటు బెల్టు పెట్టుకోవడంలో, ఫోను తగిలించడంలో ఉండి ఈ మిణుకుని గమనించరు, తర్వాత చూస్తే నిలకడగా ఉన్న లైటే కనిపిస్తుంది కాబట్టి గాలి కొట్టించుకుని వస్తారు, లైటు పోదు. కార్వెట్‌లో అదృష్టవశాత్తు డ్రైవర్ ముందున్న చిన్న డిస్‌ప్లే నాలుగు చక్రాల ప్రెషర్‌నీ విడివిడిగా చూపిస్తుంది. అంకె తక్కువ కనిపిస్తే గాలి సమస్య. అంకె ఉండాల్సిన చోట గీతలు కనిపిస్తే సెన్సర్ దగ్గర్నుంచి కబురు రావడం లేదని అర్థం.

సెన్సర్ లోపల ఏముంది, ఎందుకు చస్తుంది

వాల్వుకి లోపలి వైపున రిమ్ మీద కూర్చునే చిన్న ప్లాస్టిక్ డబ్బా అది. అందులో ప్రెషర్‌ని కొలిచే సిలికాన్ చిప్, ఉష్ణోగ్రత కొలిచేది, చక్రం తిరుగుతోందో లేదో పసిగట్టేది, చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్, వీటన్నిటికీ కరెంటు ఇచ్చే 3 వోల్టుల లిథియం బిళ్ళ బ్యాటరీ ఉంటాయి. అంతా కలిపి గట్టిపడే ఎపాక్సీ లాంటి పదార్థంలో ముంచేస్తారు. బ్యాటరీ మార్చుకునే మూత ఎందుకు పెట్టలేదని అందరూ తిట్టుకుంటారు, నాకూ మొదట్లో కంపెనీ డబ్బుల కోసమే అనిపించేది, కానీ లెక్క వేసి చూస్తే కారణం తెలుస్తుంది. సీ6 ముందు చక్రం రిమ్ 18 అంగుళాలు. కారు గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ రిమ్ మీద ఉన్న వస్తువు మీద భూమ్యాకర్షణకి దాదాపు 170 రెట్ల బలం పనిచేస్తుంది. ముప్పై గ్రాముల సెన్సర్ ఐదు కిలోల బరువున్నట్టు బయటికి లాగుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది, అంటే 200 కిలోమీటర్ల దగ్గర ఇరవై కిలోలు. స్ప్రింగుతో పట్టి ఉంచే బ్యాటరీ, స్క్రూల మూత ఆ బలానికి ఏళ్ళ తరబడి ఆగడం కష్టం. దానికి తోడు లోపల తేమ, టైరు బిగించేటప్పుడు పూసే సబ్బు నీళ్ళు, ఎండాకాలం వేడి.

ఈ బ్యాటరీ సాధారణంగా ఏడు నుంచి పదేళ్ళు వస్తుంది. కారు ఆగి ఉన్నప్పుడు సెన్సర్ నిద్రపోతుంది, కదిలినప్పుడు మేలుకుని కొంత కొంత సమయానికి ఒకసారి సిగ్నల్ పంపుతుంది. కాబట్టి తక్కువ తిరిగిన కారులో బ్యాటరీ చాలా కాలం వస్తుందని అనుకుంటాం. కొంతవరకే నిజం. లిథియం బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను మెల్లగా దిగిపోతుంది. "ముప్పై వేల మైళ్ళే తిరిగింది, గరాజ్‌లోనే ఉంచాం" అని అమ్మేవాళ్ళు చెప్పే 2007 కార్వెట్ ఇంజిన్‌కి అది మంచి వార్తేమో కానీ, సెన్సర్ బ్యాటరీకి మాత్రం అది 2007లో తయారైన బ్యాటరీయే. కొనేటప్పుడు సెన్సర్లు ఎప్పుడు మార్చారని అడగండి. జవాబు లేకపోతే నాలుగు సెన్సర్ల ఖర్చు, టైర్లు విప్పి బిగించే కూలీ బేరంలో తగ్గించమనండి.

చచ్చిపోయే బ్యాటరీ ఒక్కసారిగా పోదు, ముందు చలికాలంలో ఏడిపిస్తుంది. చలికి బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక చక్రం దగ్గర గీతలు, ఓ ఇరవై నిమిషాలు నడిపి టైరు వేడెక్కాక మళ్ళీ అంకె. మధ్యాహ్నం అంతా బాగానే ఉంటుంది. ఈ లక్షణం కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, ఆ సెన్సర్‌కి బ్యాటరీ అయిపోవచ్చింది.

అయితే చలికి ఇంకో పని కూడా జరుగుతుంది, అది సెన్సర్ తప్పు కాదు. సీ6కి చల్లగా ఉన్న టైరులో 30 పీఎస్ఐ ఉండాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడితే ఆ ప్రెషర్ సుమారు ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది. డాలస్‌లో జులై మధ్యాహ్నం 38 డిగ్రీలప్పుడు 30 కొట్టించి వదిలేస్తే, జనవరిలో సున్నాకి పడిన ఒక ఉదయం చుక్క గాలి లీక్ కాకుండానే అది 24 దగ్గరికి వస్తుంది. మొదటి చలి తెర రాగానే టైరు షాపుల ముందు లైన్లు కట్టేది ఇందుకే. కాబట్టి మంచి గేజి ఒకటి కొనుక్కుని, రాత్రంతా ఆగి ఉన్న కారుకి ఎండ తగలకముందే నాలుగు టైర్లూ కొలవండి. గేజి చెప్పేదీ డిస్‌ప్లే చెప్పేదీ ఒకటి రెండు పీఎస్ఐ తేడాలో ఉంటే ఆ సెన్సర్ ఆరోగ్యంగానే ఉన్నట్టు.

ఒక చక్రమా, నాలుగూనా

సమస్య ఎక్కడుందో సగం ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. ఒక చక్రం దగ్గరే గీతలుంటే ఆ చక్రంలోని సెన్సర్‌ని అనుమానించాలి. నాలుగు చోట్లా ఒకేసారి గీతలు వచ్చాయంటే నాలుగు బ్యాటరీలూ ఒకే రోజు చచ్చిపోవు కదా, అప్పుడు వినే వైపు చూడాలి. సీ6లో టైరు సిగ్నల్‌ని అందుకునే రిసీవరు, తాళం రిమోట్ సిగ్నల్‌ని అందుకునే రిసీవరు ఒకటే. అమెరికా కార్లలో ఈ టైరు సెన్సర్లు 315 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడతాయి. కాబట్టి నాలుగు గీతలతో పాటు రిమోట్ కూడా బాగా దగ్గరికి వెళ్తే తప్ప పనిచేయడం లేదంటే, సెన్సర్లు కొనకండి, రిసీవరు, దాని కనెక్టరు, ఫ్యూజు చూపించండి. కారు పెద్ద బ్యాటరీ బలహీనంగా ఉన్నా ఇలాంటి విచిత్రాలు చూపిస్తుంది, ముఖ్యంగా నెలల తరబడి కదలకుండా ఉండే కార్వెట్‌లలో. ఇంకో నేరస్థుడు చవక డ్యాష్‌కామ్, సిగరెట్ లైటర్‌లో పెట్టే ఫోన్ చార్జరు, బయట కొన్న ఎల్ఈడీ బల్బులు. వీటిలోంచి వచ్చే రేడియో రొద సెన్సర్ల సన్నని గొంతుని ముంచేస్తుంది. ఈ మధ్య ఏం కొత్తగా తగిలించారో గుర్తు చేసుకుని, అన్నీ పీకేసి రెండు రోజులు నడిపి చూడండి. ఖర్చు లేని పరీక్ష ఇది.

ఈ పని చేతనైనవాళ్ళు టైరు ప్రెషర్ సెన్సర్లని పరీక్షించే చిన్న పరికరం, టీపీఎంఎస్ టూల్ అంటారు, ఒకటి దగ్గర పెట్టుకుంటే మంచిది. అది 125 కిలోహెర్ట్జ్‌లో సెన్సర్‌ని తట్టి లేపుతుంది. వాల్వు పక్కన టైరు గోడకి ఆనించి బటన్ నొక్కితే సెన్సర్ మేలుకుని తన నంబరు, ప్రెషర్, ఉష్ణోగ్రత చెబుతుంది, కొన్ని రకాలు బ్యాటరీ స్థితి కూడా చెబుతాయి. సెన్సర్ టూల్‌కి జవాబిచ్చి, కారుకి మాత్రం కనిపించకపోతే అది మనం మొదట చెప్పుకున్న మూడో సమస్య. టూల్‌కి కూడా జవాబివ్వకపోతే బ్యాటరీ పోయినట్టే. ఎలక్ట్రానిక్స్ మీద సరదా ఉన్న సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఇంకో దారి ఉంది. కంప్యూటర్‌కి తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్ రేడియో రిసీవరు, ఆర్‌టీఎల్ 433 అనే ఉచిత ప్రోగ్రాము ఉంటే చాలా రకాల టైరు సెన్సర్లు గాలిలోకి పంపే సందేశాలని తెర మీద చదువుకోవచ్చు. ఒక్కసారి అలా చూస్తే ఈ సిస్టమ్ ఎంత సాదాసీదాగా ఉందో తెలుస్తుంది.

మార్చాల్సి వస్తే

ఒకటి బ్యాటరీ అయిపోయి పోతే నాలుగూ మార్చేయండి. నాలుగూ ఒకే ఫ్యాక్టరీలో ఒకే కాలంలో పుట్టినవి, మిగతా మూడూ ఏడాది రెండేళ్ళలో అదే దారి పడతాయి, ప్రతిసారీ టైరు విప్పడం, బిగించడం, బ్యాలెన్సింగ్ కూలీ మళ్ళీ కట్టాలి. రన్-ఫ్లాట్ టైరు విప్పడం మామూలు టైరు విప్పినంత తేలిక కాదు, కూలీ కూడా ఎక్కువే అడుగుతారు. అందుకే అన్నిటికన్నా మంచి సమయం ఎలాగూ కొత్త టైర్లు వేయించేటప్పుడే. ఆ రోజు పాత సెన్సర్లనే మళ్ళీ బిగించనిస్తే మీరు డబ్బు ఆదా చేసినట్టు కాదు. ఒకవేళ సెన్సర్లు ఈ మధ్యే మార్చినవై, షాపులో టైరు విప్పేటప్పుడు ఒకటి విరిగిందంటే మాత్రం ఆ ఒక్కటి మారిస్తే చాలు.

కొనేటప్పుడు కారు పేరు ఒక్కటే చెప్పకండి, వీఐఎన్ నంబరు, అంటే ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఇచ్చి అడగండి. బయటికి ఒకేలా కనిపించే సీ6లలోనే తయారైన సంవత్సరాన్ని బట్టి సెన్సర్ పార్ట్ నంబరు మారిపోతుంది, వాల్వులో పట్టినంత మాత్రాన కారుతో మాట్లాడుతుందని కాదు. చాలా రకాల కార్లకి ప్రోగ్రామ్ చేసుకోగలిగే యూనివర్సల్ సెన్సర్లు కూడా ఉన్నాయి, మంచి కంపెనీవైతే వాటిని వాడటంలో నాకు అభ్యంతరం లేదు. పైగా వాటిలో ఒక సౌలభ్యం ఉంది. పాత సెన్సర్ నంబరు చదవగలిగితే అదే నంబరుని కొత్తదానిలోకి కాపీ చేయొచ్చు, అప్పుడు కారుకి ఏమీ మారినట్టే తెలియదు, మళ్ళీ పరిచయం చేసే పని ఉండదు. పేరూ ఊరూ లేని చవక సెట్ల జోలికి వెళ్ళొద్దు. మళ్ళీ టైరు విప్పే కూలీ ముందు ఆ మిగిలిన డాలర్లు లెక్కలోకి రావు.

ఎపాక్సీ తవ్వి బ్యాటరీ మార్చే వీడియోలు చూసి కొంతమంది ప్రయత్నిస్తారు. అది అసాధ్యం కాదు, కానీ బ్యాటరీకి నేరుగా టంకం పెడితే అది వేడెక్కి పగిలిపోయే ప్రమాదం ఉంది, ట్యాబులు, అంటే చిన్న లోహపు రేకులు, ముందే అతికించి వచ్చిన బ్యాటరీయే కావాలి, మళ్ళీ సీలు సరిగ్గా వేయాలి, పైన చెప్పిన ఇరవై కిలోల లాగుడుకి మీరు వేసిన సీలు ఆగాలి. కొత్త సెన్సర్ అసలు దొరకని అరుదైన కారుకైతే సరే. కార్వెట్‌కి దొరుకుతున్నాయి కాబట్టి ఈ పని వద్దనే చెబుతాను.

వాల్వు గురించి ఎవరూ చెప్పరు కానీ అక్కడే ఎక్కువ లీకులు ఉంటాయి. చాలా పాత సెన్సర్లకి అల్యూమినియం వాల్వు ఉంటుంది. దానిలో మామూలు ఇత్తడి వాల్వు పిన్ను వేస్తే, రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీ, షికాగో లాంటి చోట్ల రెండు లోహాల మధ్య చిలుము పట్టి, పిన్ను అందులోనే బిగుసుకుపోతుంది, తీయబోతే వాల్వే విరుగుతుంది. అందుకే దానికి నికెల్ పూత ఉన్న పిన్నే వాడాలి, మూత ప్లాస్టిక్‌దే పెట్టాలి, అందంగా ఉన్నాయని కొనే మెరిసే లోహపు మూతలు కూడా ఇలాగే పట్టేస్తాయి. టైరు విప్పిన ప్రతిసారీ రబ్బరు వాషరు, నట్టు, పిన్ను ఉన్న చిన్న కిట్ మార్పించండి, నట్టుని టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంతే బిగించమనండి. టైరు అంచుని రిమ్ నుంచి వేరు చేసే మెషీన్ వాల్వుకి దగ్గరగా ఆనకూడదని పని మొదలయ్యే ముందే చెప్పండి. పంక్చరుకి డబ్బాలోంచి కొట్టే ద్రవం వాడి ఉంటే ఆ సంగతి కూడా దాచకండి, ఆ జిగురు సెన్సర్ రంధ్రాన్ని మూసేస్తే తప్పు అంకెలు వస్తాయి.

కొత్త సెన్సర్లు బిగించాక కారుకి వాటిని పరిచయం చేయాలి. ప్రతి సెన్సర్‌కీ ఒక సొంత నంబరు ఉంటుంది, ఏ నంబరు ఏ మూల ఉందో కారు గుర్తుపెట్టుకుంటుంది. డిస్‌ప్లేలో కారు కొత్త నంబర్లు నేర్చుకునే లెర్న్ మోడ్‌లోకి వెళ్ళాక, సీ5లో వాల్వు మీద ఒక బలమైన అయస్కాంతం పెడితే సెన్సర్ మేలుకుంటుంది, సీ6కి పైన చెప్పిన 125 కిలోహెర్ట్జ్ టూల్ కావాలి. వరస తప్పకూడదు. డ్రైవర్ వైపు ముందుది, పాసింజర్ వైపు ముందుది, పాసింజర్ వైపు వెనకది, చివరికి డ్రైవర్ వైపు వెనకది. ఒక్కొక్కటి కుదిరినప్పుడు హారన్ చిన్నగా మోగుతుంది. దీనికి కొద్ది నిమిషాల గడువే ఉంటుంది, కాబట్టి టూల్ చేతిలో పట్టుకున్నాకే మొదలుపెట్టండి. పక్కనే ఇంకో కారు చక్రాలు విప్పి ఉన్న చోట ఈ పని చేయకండి, దాని సెన్సర్ మేలుకుని మీ కారులో నమోదయ్యే వీలుంది.

ఇక అడ్డదారులు. నాలుగు సెన్సర్లని మూత బిగించిన ప్లాస్టిక్ పైపులో పెట్టి 30 పీఎస్ఐ గాలి కొట్టి డిక్కీలో పడేస్తే లైటు ఆరిపోతుంది. కొంతమంది గర్వంగా ఫోటోలు కూడా పెడతారు. స్టెప్నీ లేని, గాలి పోయినా కంటికి తెలియని టైర్లున్న కారులో ఇలా చేసి, ఆ సంగతి చెప్పకుండా ఆ కారుని ఇంకొకరికి అమ్మడం నేరంతో సమానమని నా అభిప్రాయం. పనిచేస్తున్న సిస్టమ్‌ని తీసేయమని టైరు షాపుని కూడా ఒత్తిడి చేయకండి, చట్టప్రకారం తప్పనిసరి అయిన కార్లలో అలా చేయడం షాపువాళ్ళకి నిషేధం. ఇప్పుడే ఖర్చు పెట్టలేని పరిస్థితిలో ఉంటే వాల్వు మీద మూతలా బిగించే బయటి సెన్సర్లు, వాటి సొంత డిస్‌ప్లేతో కొనుక్కోండి. కారు లైటు ఆరదు, కానీ మీకు నిజమైన అంకెలు కనిపిస్తాయి, బ్యాటరీ మీరే మార్చుకోవచ్చు.

హైదరాబాద్‌లో పాత పోర్షెనో, ఇంకో స్పోర్ట్స్ కారో నడిపేవాళ్ళకి ఒక మాట. అమెరికాలో ధర తక్కువని అక్కడి నుంచి వచ్చే చుట్టాల చేత సెన్సర్లు తెప్పించుకోవాలని చూస్తుంటారు. అమెరికాలో ఎక్కువగా దొరికేవి 315 మెగాహెర్ట్జ్‌వి, ఇండియా, యూరప్ కార్లు వాడేది 433. వాల్వు సరిగ్గా పడుతుంది, బ్యాలెన్సింగ్ అవుతుంది, అంతా అయ్యాక కారుకి మాత్రం ఒక్క సిగ్నల్ కూడా అందదు. పాత సెన్సర్ మీద అచ్చు వేసిన ఫ్రీక్వెన్సీ చూసి, ఆ అంకె ఉన్నదే తెమ్మనండి.

అన్నీ బిగించాక షాపులోంచి బయటికి వచ్చేసి మరిచిపోకండి. కనీసం ఇరవై నిమిషాలు నడిపి నాలుగు అంకెలూ వచ్చాయో లేదో చూడండి. తర్వాత ఇంటి దగ్గర వంతులవారీగా ఒకసారికి ఒక్క టైరులోనే 30 నుంచి 27కి గాలి తగ్గించి, కాసేపు నడిపి, డిస్‌ప్లేలో ఆ తగ్గుదల ఆ చక్రం దగ్గరే కనిపిస్తోందో లేదో సరిచూసుకోండి. టైర్లు వేడెక్కితే అంకెలన్నీ రెండు మూడు పీఎస్ఐ పెరగొచ్చు, ఆ టైరు అంకె మాత్రం మిగతావాటికన్నా తక్కువే ఉండాలి. కుడి వెనక టైరులో తగ్గించిన గాలి ఎడమ వైపు కనిపిస్తే పరిచయం చేసే వరసలో పొరపాటు జరిగినట్టు, మళ్ళీ లెర్న్ మోడ్ నుంచి మొదలుపెట్టాలి. సరిపోతే నాలుగింటినీ 30కి నింపేసుకోండి.